బార్లీ చలవే, మరి బీరో?

భావనపాడు తీరంలో సాయంకాలపు నడక నాకు పదవీ విరమణ తరువాత అబ్బిన అలవాటు. పడవలు ఒడ్డుకు చేరి, వలలు సర్దుకునే వేళకు ఇసుక మీద నలుగురైదుగురు యువకులు కూర్చుని ఉంటారు. నేను వైద్యుడినని వారికి తెలుసు గనుక ఆగి రెండు మాటలు మాట్లాడటం రివాజు. కిందటి వేసవిలో ఒకనాడు వారిలో ఒక కుర్రవాడు, పక్కనున్న సీసాను దాచే ప్రయత్నమైనా చేయకుండా, నన్నిలా అడిగాడు: “బీరు బార్లీతోనే కదేటి సేత్తారు బావూ? మా అమ్మకి మూత్రంలో మంటొచ్చినపుడు మీరే బార్లీ నీళ్లు తాగమన్నారు. మరి బీరు కిడ్నీకి మంచిదే కదేటి?”

ఆ ప్రశ్నను నవ్వి తోసిపుచ్చడానికి వీలున్న ప్రాంతం కాదు మాది. మా సంతబొమ్మాళి మండలం దాటి ఉత్తరంగా సాగితే వజ్రపుకొత్తూరు, పలాస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వరకు పరచుకున్నదే ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల ఆ పచ్చని నేల మీద దశాబ్దాలుగా వేలాదిమంది దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి గురవుతున్నారు. దానికి మూలకారణం ఇదమిత్థమని ఇంతవరకు తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైనాయంటే సమస్య తీవ్రత మీకు అర్థమవుతుంది. ఇటువంటి చోట ‘కిడ్నీకి మంచిది’ అన్న మాట ఏ సీసాకు అంటుకున్నా ఆ సీసా ఖాళీ అవుతుంది.

అతనికి నేను ఆ రోజే జవాబు చెప్పాను. అయితే ఆ జవాబు ఎంత అసంపూర్ణమో, ఆ తరువాత కొద్ది రోజులకు హైదరాబాదు వెళ్లినప్పుడు గాని నాకు తెలిసిరాలేదు. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు నన్నొక మైక్రోబ్రూవరీకి, అనగా అమ్మే చోటనే చిన్న మోతాదులో బీరును తయారుచేసే శాలకు, వెంటబెట్టుకు వెళ్లాడు. “మావయ్యా, మీరు తాగనక్కరలేదు, రుచి చూడండి చాలు” అన్నాడు. చూశాను. మద్యాన్ని ప్రోత్సహించడం నా వృత్తిధర్మానికి విరుద్ధమే గాని, తెలియని దానిని నిందించడం కూడా అంతకన్నా గొప్ప ధర్మమేమీ కాదు.

ఒక చెక్క పలకకు నాలుగు గుంటలు, గుంటకొక చిన్న గ్లాసు. గ్లాసుకు 120 మిల్లీలీటర్లు. మొదటిది గోధుమ బీరు; పలుచని మబ్బు కమ్మినట్లుంది. ముక్కు దగ్గరకు చేర్చగానే మాగిన అరటిపండు వాసన, దాని వెనుక సన్నగా లవంగం. ఇందులో అరటిపండు కలిపారా అని అడిగాను. కలపలేదు. బవేరియా పద్ధతి గోధుమ బీరుకు వాడే ఈస్టు, పులిసేటప్పుడు ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. అరటిపండుకు ఆ పరిమళాన్ని ఇచ్చేదీ ప్రధానంగా అదే. విద్యార్థి దశలో పుస్తకంలో బట్టీపట్టిన ఒక ఎస్టరు, యాభై ఏళ్ల తరువాత నా నాలుకకు పరిచయమైంది.

రెండవది పిల్స్‌నర్. నేటి చెక్ దేశంలోని పిల్సెన్ పట్టణంలో 1842లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా నిపుణుడు తయారుచేసిన బంగారు వన్నె బీరు దీనికి మూలం. చల్లని గదుల్లో నెమ్మదిగా పులియబెట్టే లాగరు జాతికి చెందినది. ప్రపంచమంతటా కర్మాగారాలలో తయారై మన దుకాణాలకు చేరే బీరులో చాలా భాగం ఈ పిల్స్‌నర్‌కు దూరపు వారసత్వమే. మూడవది ఇండియా పేల్ ఏల్. బ్రిటిషువారి కాలంలో లండను నుంచి మన దేశానికి ఓడలలో వచ్చిన బీరు పేరు అది. నెలల తరబడి సాగే ప్రయాణంలో చెడకుండా ఉండటానికి హాప్స్ అనే తీగ పువ్వులను దండిగా వేసేవారు. చేదు దాని లక్షణం. వేపపువ్వు లేని ఉగాది పచ్చడిని ఒప్పుకోని నాలుకకు, కాకరకాయను కోరి తినే నాలుకకు ఈ చేదు కొత్తగా అనిపించదు. మొదటి గుక్కకు మొహం చిట్లించిన నేను మూడవ గుక్కకు అందులో నారింజ తొక్కను, పచ్చి మామిడిని గుర్తుపట్టాను. నాలుగవది స్టౌటు. మాడేదాకా వేయించిన బార్లీతో చేస్తారు కనుక కాఫీ డికాక్షను రంగు, దాదాపు ఆ రుచీను.

ఈ విద్య మనకు పరాయిది అనుకోకండి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టడమే మాల్టు చేయడం. మా శ్రీకాకుళం ఇళ్లలో చోళ్లను మొలకెత్తించి పిండి పట్టించే అమ్మమ్మలకు ఇది వివరించనక్కరలేదు. మొలక వచ్చినప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలును వదులుతుంది. చోడి అంబలి, తరవాణి పులవడం వేరే సూక్ష్మజీవుల పని. అక్కడ పుట్టేది ప్రధానంగా లాక్టిక్ ఆమ్లం. ఆ పులుపును కోరి తెచ్చే బీర్లు కూడా జర్మనీలో ఉన్నాయి. ‘గోజె’ అనే ఒక రకంలో ఉప్పు, ధనియాలు వేస్తారు. నౌపడ ఉప్పు మళ్ల పక్కన నివసించే నాకు ఆ సంగతి చదివినప్పుడు కలిగిన ముచ్చట ఇంతా అంతా కాదు.

బీరులో ఇన్ని శైలులున్నాయని లోకానికి వర్గీకరించి చెప్పినవారిలో ముఖ్యుడు మైకేల్ జాక్సన్ అనే ఇంగ్లీషు పాత్రికేయుడు. గాయకుడు కాడు, వేరొకాయన. ఆయన పుస్తకం 1977లో వచ్చింది. మరుసటి ఏడు అమెరికా ఇంట్లో బీరు తయారుచేసుకోవడాన్ని కేంద్ర చట్టం ద్వారా అనుమతించింది. అక్కడి నుంచి చిన్న తయారీదారుల ఉద్యమం విస్తరించి, మన దేశంలో 2009లో పుణెలోని డూలలీ, 2010లో బెంగళూరులోని టాయిట్ వంటి చోట్ల వేళ్లూని, తరువాత హైదరాబాదుకు వచ్చింది. నాకు వీరి పద్ధతిలో నచ్చిన దానిని దాచుకోను. కొద్దిగా పోసుకోవడం, వాసన చూడటం, నోటిలో ఒక క్షణం నిలపడం, నడుమ మంచినీరు తాగడం, అనుభవించిన దానికి పేరు పెట్టడం. ఇలా తాగేవాడు తొందరపడడు. మా తీరంలో కుర్రవాళ్లు చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. ఐసుపెట్టెలోంచి తీసిన స్ట్రాంగు బీరును నాలుక మొద్దుబారేంత చల్లగా, వీలైనంత త్వరగా దింపేస్తారు. అతి చల్లదనం రుచికి ముసుగు. రుచి తెలియకూడదనే అంత చల్లగా తాగుతారేమోనని నాకు అనుమానం.

కనుక ఈ రుచి చూసే అలవాటును చూసి బెంబేలెత్తవద్దనే నా అభిప్రాయం. నా అభ్యంతరం వేరొకటి ఉంది. అరటి, లవంగం, కాఫీ, నారింజ అని నాకు అంత చక్కగా నేర్పిన ఆ శాలలో, ఆల్కహాలు లెక్కను మాత్రం ఎవరూ నేర్పలేదు. బల్ల మీద ఒక కాగితం ఉంది. శాతాలు అందులో చిన్న అక్షరాలతో ఉన్నాయి. కళ్లజోడు సవరించుకుని చూశాను. గోధుమ బీరు 5, పిల్స్‌నర్ 5, ఇండియా పేల్ ఏల్ 7, స్టౌటు 4.5. నల్లగా, చిక్కగా ఉండి నన్ను భయపెట్టిన స్టౌటే అన్నిటిలోకి తేలిక. ఐర్లండు దేశపు సుప్రసిద్ధమైన గిన్నిస్ స్టౌటు కూడా 4.2 శాతమే. రంగును బట్టి, చేదును బట్టి బలాన్ని అంచనా వేసే మన పద్ధతి తప్పన్నమాట. మా మేనల్లుడు ఆ శాలకు పది పదిహేనుసార్లు వెళ్లి ఉంటాడు. ఈ శాతాలను ఎన్నడూ చూడలేదట.

లెక్క కష్టమేమీ కాదు. తాగిన మిల్లీలీటర్లను శాతంతో గుణించి, 100తో భాగించి, వచ్చినదానిని 0.79తో గుణిస్తే కడుపులోకి పోయిన స్వచ్ఛమైన ఆల్కహాలు గ్రాములలో తేలుతుంది. నా నాలుగు చిన్న గ్లాసులకు దాదాపు 20 గ్రాములు వచ్చింది. అంటే 60 మిల్లీలీటర్ల విస్కీ, మనవాళ్ల భాషలో ఒక లార్జి. ‘రుచి చూశాను, అంతే’ అనుకుంటున్న ఈ వైద్యుడు ఒక లార్జి పుచ్చుకుని కూర్చున్నాడు. మన దేశంలో వాహనం నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండరాదని చట్టం. ఖాళీ కడుపున వడివడిగా తాగితే, 60 కిలోల మనిషికి ఆ నాలుగు గ్లాసులు ఈ హద్దును దాటించడానికి చాలు. స్త్రీలలో అదే మోతాదుకు ఇంకా ఎక్కువ స్థాయి వస్తుంది. మేము క్యాబులో తిరిగి వెళ్లాం. పక్క బల్లవారు బైకుల మీద వెళ్లారు.

ఇప్పుడు అదే లెక్కను మా తీరంలోని సీసాకు వేద్దాం. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం 5 శాతం దాటి 8 శాతం వరకు ఉన్నది స్ట్రాంగు బీరు. దేశంలో అమ్ముడయ్యే బీరులో అత్యధిక భాగం ఇదే. 650 మిల్లీలీటర్ల సీసా, 8 శాతం అనుకుంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు, అనగా 41 గ్రాములు. రెండు లార్జి పెగ్గులకు సమానం. ‘విస్కీ ముట్టను డాక్టరుగారూ, బీరు ఒక్కటే’ అని నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు. రోజుకు రెండు సీసాలంటే నాలుగు లార్జిలు. ఇంత వాడకంతో కాలేయానికి కొవ్వు పట్టి, ఏళ్ల తరబడి సాగితే గట్టిపడి, చివరికి పొట్టలో నీరు చేరి నా దగ్గరకు వచ్చినవారు కూడా అదే మాట అనేవారు: బీరే కదా అని.

మోతాదు గురించి మరొక కఠినమైన మాట. ఆల్కహాలు విషయంలో ఇంతవరకు హాని లేదని గీత గీయగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. మద్యాన్ని మానవులలో కాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ చేర్చింది 1988లోనే. చేతితో చేసినా, యంత్రంతో చేసినా, వడకట్టినా, వడకట్టకపోయినా ఆ అణువు ఒకటే. తాజా క్రాఫ్టు బీరులో ఈస్టు ఉంటుంది, బి విటమిన్లు ఉంటాయి అని మా మేనల్లుడు వాదించాడు. ఉంటాయి. చోడి అంబలిలోనూ ఉంటాయి. అది తాగి బండి నడపవచ్చు.

‘సహజం’ అన్న మాటతో మనం మోసపోవడం బీరుతో మొదలైంది కాదు. నా చిన్నతనంలో మా ఊరి తాటితోపుల కింద కూర్చునే పెద్దలు కల్లు రుచిని పరీక్షించే తీరు, ఆ హైదరాబాదు శాలలోని నిపుణులకు ఏమాత్రం తీసిపోదు. తెల్లవారుజామున దించినదా, పొద్దెక్కినాక దించినదా, పోతు తాడిదా, పండు తాడిదా, కుండ పాతదా కొత్తదా, ఒక్క గుక్కలో చెప్పేవారు. తీపి, పులుపు, వగరు, ఘాటు అని వారికీ ఒక పరిభాష ఉండేది. దించగానే తియ్యగా ఉండే ఆ రసంలో చక్కెర ఎక్కువ. కుండ లోపల సున్నం పూస్తే పులవకుండా నిలిచి నీరా అవుతుంది. పూయకపోతే గాలిలోని, కుండలోని ఈస్టు కొద్ది గంటలలోనే పని ప్రారంభించి, సాయంత్రానికి దానిని మామూలు బీరంత బలానికి తెస్తుంది. మర్నాటికి వెనిగరు దారి పడుతుంది. ఇంత తెలిసిన ఆ పెద్దలకు కూడా, ‘కల్లు చెట్టు పాలు, హాని చేయదు’ అన్న నమ్మకం ఉండేది. పొద్దుటి ముంత, సాయంత్రపు ముంత ఒకే పరిమాణమైనా ఒకే మోతాదు కాదని ఎవరూ చెప్పలేదు. ఆ రుచి తెలిసిన తరం పోయాక వచ్చిన ఆపద ఇంకా పెద్దది. చెట్లు తక్కువై, గిరాకీ మిగిలిన చోట నీళ్లలో మత్తుమందు కలిపి కల్లు పేరుతో అమ్మారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించిన సంగతి మీరు పత్రికలలో చదివే ఉంటారు. అసలు రుచి ఎరిగినవాడు నకిలీని ఉమ్మివేస్తాడు. రుచి చూడటం నేర్చుకోవాలని నేననడానికి ఇదీ ఒక కారణం.

ఇక ఆ కుర్రవాడి ప్రశ్న. ఈ మాట ఒక్క భావనపాడులోనే కాదు, తెలుగునాట ఎక్కడికి వెళ్లినా వినబడుతుంది: బీరు చలవ, బీరు రాళ్లను కరిగిస్తుంది అని. బార్లీ నీళ్లలో పనిచేసేది ముఖ్యంగా నీరే. బార్లీ వేస్తే రోగి గ్లాసు తరువాత గ్లాసు ఇష్టంగా తాగుతాడు, మూత్రం పలచబడుతుంది, మంట తగ్గుతుంది. బీరు తాగినప్పుడు మూత్రం ధారాళంగా రావడం నిజమే గాని దాని వెనుక కథ వేరు. శరీరం నీటిని పొదుపు చేసుకోవడానికి మెదడు అడుగున ఉన్న పిట్యుటరీ గ్రంథి వాసోప్రెసిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. ఆల్కహాలు దానిని అణచివేస్తుంది. కాపలావాడిని నిద్రపుచ్చి గాదె తలుపు తెరిచినట్లు. పొద్దంతా ఎండలో, ఉప్పుగాలిలో చెమటోడ్చి వచ్చిన మత్స్యకారుడి దేహంలో నీటి నిల్వ అప్పటికే తక్కువ. దాని మీద స్ట్రాంగు బీరు పోస్తే చలవ చేసినట్లు అనిపిస్తుంది, తెల్లవారేసరికి నోరెండి తల పగులుతుంది. ఎండలో పనిచేసేవారి దేహం పదేపదే నీటిని కోల్పోవడం, మధ్య అమెరికా చెరకుతోటల కూలీలలో కనిపించే మూత్రపిండ వ్యాధికి అనుమానిస్తున్న కారణాలలో ఒకటి. ఉద్దానానికి పొరుగున ఉంటూ దీనిని తేలికగా తీసుకోలేను.

రాళ్ల సంగతికి వస్తే, బీరు తాగేవారిలో రాళ్లు కొంత తక్కువగా కనిపించాయని విదేశాలలోని కొన్ని పరిశీలనలు చెప్పిన మాట వాస్తవం. బీరుతో పాటు ద్రవం ఎక్కువగా పోవడం అందుకు ఒక కారణం కావచ్చు. ఆ పని మంచినీరు ఉచితంగా చేస్తుంది. ఉన్న రాయిని కరిగించే శక్తి ఏ బీరుకూ లేదు. మనలో ఎక్కువగా కనబడే కాల్షియం ఆక్సలేటు రాళ్లు మందులకే కరగవు. రాయి అడ్డుపడి ఉన్నప్పుడు మూత్రాన్ని బలవంతాన పెంచితే వెనుక ఒత్తిడి పెరిగి నొప్పి భరించరానిదవుతుంది. పైగా బీరులోని ప్యూరిన్లు, ఆల్కహాలు కలిసి రక్తంలో యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. అమెరికాలో 47 వేలకు పైగా పురుషులను 12 ఏళ్లపాటు గమనించి 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, మద్యాలన్నిటిలోకి బీరుకే గౌటు వాతంతో అతి గట్టి సంబంధం కనబడింది. యూరిక్ ఆమ్లం రాళ్లు కట్టే పదార్థాలలో ఒకటన్నది మరచిపోకండి. ఇక ఉద్దానం వ్యాధి రాళ్ల జబ్బే కాదు; మూత్రపిండపు సూక్ష్మనాళికల చుట్టూ ఉన్న కణజాలం నిశ్శబ్దంగా మచ్చకట్టుకుపోయే వ్యాధి. దానికి బార్లీ నీళ్లూ మందు కావు.

గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, గౌటు ఉన్నవారు, నిద్రమాత్రలు వాడేవారు, మధుమేహానికి గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసుకునేవారు రుచి కోసమైనా తాకవద్దు. వీరికి నా దగ్గర మినహాయింపు లేదు. తాగే అలవాటు లేనివారు రుచి కోసం కొత్తగా మొదలుపెట్టవద్దు. అలవాటు ఉన్నవారు మాత్రం శాతం చదవండి, గుణించండి. రెండు సీసాల స్ట్రాంగు తాగే చోట ఒక చిన్న గ్లాసు గోధుమ బీరును అరగంట సేపు రుచి చూసి లేచిపోగలిగినవాడిని నేను మెచ్చుకుంటాను. అయితే నగరంలో ఆ గ్లాసు ధర మా ఊరి కూలీ రోజు సంపాదనలో పెద్ద భాగం. తక్కువ బలం, తక్కువ మోతాదు, ఎక్కువ రుచి అన్నది ప్రస్తుతానికి డబ్బున్నవారికే దొరుకుతున్న సౌకర్యం. తీరంలో చవకగా దొరికేది గ్రాములకు గ్రాములు ఆల్కహాలు మాత్రమే. రూపాయికి ఎక్కువ మత్తు దొరికే సీసానే పేదవాడు ఎన్నుకుంటాడు. పన్నులు వేసేవారు ఆల్కహాలు శాతాన్ని బట్టి వేస్తే ఆ ఎంపిక మారవచ్చునని నా ఊహ.

హైదరాబాదు నుంచి తిరిగి వచ్చాక ఆ కుర్రవాడిని మళ్లీ కలిశాను. తడి ఇసుక మీద పుల్లతో లెక్క వేసి చూపించాను: 650, 8, 41. “అంటే నిన్న రేతిరి మేం ఒక్కొక్కరం ఆరు లార్జీలు తాగినట్టేటి బావూ?” అన్నాడు. అవునన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వాళ్ల నాన్నకు కాళ్లు వాస్తున్నాయని, ఆరు నెలలుగా నొప్పిమాత్రలు కొని మింగుతున్నాడని చెప్పాడు. మరుసటి సోమవారం తండ్రిని, తల్లిని ఇద్దరినీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ముగ్గురికీ క్రియాటినిన్ పరీక్షకు చీటీ రాసి టెక్కలి పంపాను. తండ్రిని నొప్పిమాత్రలు ఆ రోజే ఆపమన్నాను. తల్లిని బార్లీ నీళ్లు కొనసాగించమన్నాను.